పరాయి దేశంలో వర్క్ వీసా మీద ఉండి చదువుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట, మిర్యాలగూడ వైపు నుంచి పనికి గల్ఫ్ పోయినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. పది మధ్యలో ఆపినవాళ్లు, ఇంటర్ దగ్గర ఆగినవాళ్లు, డిగ్రీలో రెండు పేపర్లు మిగిలిపోయినవాళ్లు అందరూ ఇందులో ఉన్నారు. చివర్లో అమెరికా, కెనడా, బ్రిటన్‌ల గురించి కూడా కొంత రాశాం.

ఇకామా (సౌదీ నివాస కార్డు) మీద ఉండి ఇండియా యూనివర్సిటీలో ఆన్‌లైన్‌లో చదివితే వీసాకు ఏమైనా ఇబ్బందా?

ఇబ్బంది లేదు. డ్యూటీ అయ్యాక గదిలో కూర్చుని మన దేశపు యూనివర్సిటీ పాఠాలు చదవడానికి సౌదీలో గానీ యూఏఈలో గానీ స్టూడెంట్ వీసా అవసరం లేదు. తేడా వచ్చేది కోర్సులో ఇంటర్న్‌షిప్ ఉన్నప్పుడు. వీసాలో రాసి ఉన్న కంపెనీలో కాకుండా ఇంకోచోట పనిచేస్తే, జీతం తీసుకోకపోయినా సరే, వర్క్ పర్మిట్ నిబంధన తప్పినట్టే. చేరే ముందే సిలబస్ పూర్తిగా తెరిచి, ఇంటర్న్‌షిప్, ఫీల్డ్ వర్క్, ప్రాక్టికల్ అన్న మాటలు ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ పని ఊర్లో సెలవుల్లో చేయొచ్చా, ఇప్పుడు చేస్తున్న ఉద్యోగాన్నే లెక్కలోకి తీసుకుంటారా అని యూనివర్సిటీని ఈ-మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పిన మాటను తర్వాత ఎవరూ ఒప్పుకోరు.

ఏ కోర్సు తీసుకోవాలి?

దీనికంటే ముందు అడగాల్సింది పరీక్ష ఎక్కడ రాయాలని. గల్ఫ్‌లో ఉండి చదువు ఆపేసినవాళ్లలో చాలామందికి పాఠం కష్టమై కాదు, పరీక్షకు రాలేక ఆగింది.

యూనివర్సిటీ కోర్సులకు అనుమతిచ్చే యూజీసీ లెక్కలో రెండు దారులున్నాయి. ఒకటి దూరవిద్య: పుస్తకాలు ఇంటికి వస్తాయి, క్లాసులు అధ్యయన కేంద్రంలో ఉంటాయి, పరీక్ష కేంద్రంలో కూర్చుని పెన్నుతో రాయాలి. రెండోది ఆన్‌లైన్ ప్రోగ్రాం: పాఠాలు, అసైన్‌మెంట్లు, చర్చ అన్నీ నెట్‌లోనే. ఆన్‌లైన్ ప్రోగ్రాంలలో చాలా యూనివర్సిటీలు కెమెరా నిఘాలో ఇంటినుంచే పరీక్ష రాయనిస్తాయి, కొన్ని మాత్రం కేంద్రానికి రమ్మంటాయి. ప్రకటనలో 'ఆన్‌లైన్' అని ఉన్నంత మాత్రాన పరీక్ష కూడా ఆన్‌లైన్ అనుకోవద్దు. ప్రాస్పెక్టస్‌లో పరీక్షల అధ్యాయం చదివి, కేంద్రాల జాబితా చూశాకే ఫీజు కట్టండి.

పది పాస్ కాలేదు. ఇప్పుడు చదివితే ఏం లాభం?

మొదటి లాభం పాస్‌పోర్టులోనే కనిపిస్తుంది. పది పాస్ అయినవాళ్లకు ఈసీఆర్ (పనికి విదేశం పోయేముందు తనిఖీ అవసరమన్న) ముద్ర ఉండదు. ఆ ముద్ర ఉన్నవాళ్లు గల్ఫ్ వంటి దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఓపెన్ స్కూల్లో పాస్ అయిన పదికీ అదే విలువ. మెమో చేతికి వచ్చాక పాస్‌పోర్టు రీఇష్యూకు పెట్టుకుని ముద్ర తీయించుకోవచ్చు. విదేశంలో మూడేళ్లకు పైగా ఉన్నవాళ్లకు చదువుతో సంబంధం లేకుండా కూడా ఈ వెసులుబాటు ఉంది. కాబట్టి కేవలం ముద్ర కోసమే అయితే ముందు ఆ లెక్క చూసుకోండి.

చదవడానికి రెండు బోర్డులున్నాయి. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ పరీక్షలు మన రాష్ట్రంలోనే జరుగుతాయి. అంటే పరీక్షల సమయానికి శంషాబాద్‌లో దిగాల్సిందే. జాతీయ స్థాయి ఓపెన్ స్కూల్ సంస్థ ఎన్‌ఐఓఎస్‌కు గల్ఫ్ దేశాల్లోనూ కేంద్రాలున్నాయి. ఇండియాలో అయితే తెలుగు మీడియంలోనూ పది రాయొచ్చు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు మేం చెప్పేది రెండోదే. అందులో అయిదు సబ్జెక్టులు, పాస్ మార్కు 33 శాతం. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్, అక్టోబరు ప్రాంతంలో పరీక్షలు పెడతారు. ఒకసారి నమోదైతే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి. అయిదు సబ్జెక్టులు ఒకేసారి రాయాలన్న నియమం లేదు. ఒక విడత రెండు, ఇంకో విడత మూడు రాయండి. పాస్ అయినవి జమ అవుతాయి.

ఒక జాగ్రత్త. విదేశీ కేంద్రం పెట్టుకుంటే ఫీజు ఇండియాలో కన్నా ఎక్కువే అవుతుంది. విమానం టికెట్టు, పోయే జీతం లెక్కేసి రెండింటినీ పోల్చుకోండి.

ఇంటర్ అయింది. డిగ్రీకి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీయా, ఇగ్నోనా?

హైదరాబాద్‌లోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. ఫీజు తక్కువ, తెలుగు మీడియం ఉంది, నల్లగొండ, మహబూబ్‌నగర్‌లో అధ్యయన కేంద్రాలున్నాయి. మన ఊర్లో ఉండేవాళ్లకు దానికి మించింది లేదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు మాత్రం సెమిస్టర్ పద్ధతే చిక్కు. ఏడాదికి రెండు దఫాలు పరీక్షలు, రెండూ ఇక్కడే. కంపెనీ ఏడాదికోసారి, కొన్నిచోట్ల రెండేళ్లకోసారి టికెట్ ఇస్తుంది. ఆ సెలవు పరీక్షల తేదీలతో కలవకపోతే ఒక్కో సెమిస్టర్ వెనకబడుతూ పోతుంది. ఏడాదిలోపు ఊరికి తిరిగి వచ్చేద్దామనుకునేవాళ్లు దీన్నే ఎంచుకోవడం మేలు.

ఇగ్నో అంటే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ యూనివర్సిటీ. దానికి విదేశాల్లోనూ పరీక్ష కేంద్రాలున్నాయి. జూన్‌లో, డిసెంబరులో పరీక్షలు. ఎక్కువ కోర్సుల్లో అసైన్‌మెంట్‌కు 30 శాతం, పరీక్షకు 70 శాతం. జూన్ పరీక్షకు అసైన్‌మెంట్లు మామూలుగా ఏప్రిల్ 30లోపు, డిసెంబరుకు అక్టోబరు 31లోపు ఇవ్వాలి. గడువు పొడిగిస్తారన్న నమ్మకంతో ఆగినవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. అసైన్‌మెంట్ ఇవ్వకపోతే పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినా ఆ పేపరు పూర్తయినట్టు కాదు. బీఏకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు.

రోజుకు పన్నెండు గంటల డ్యూటీ. మూడేళ్లలో డిగ్రీ అవుతుందా?

అంకెల్లో చూద్దాం. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. సెమిస్టర్‌కు 20 క్రెడిట్లు అనుకుంటే 600 గంటలు. 26 వారాలకు పంచితే వారానికి 23 గంటలు. మీరు పని రోజుల్లో రోజుకు గంటన్నర, సెలవు రోజున ఆరు గంటలు చదవగలిగితే వారానికి 15 గంటలే అవుతాయి. అంటే మూడేళ్ల డిగ్రీ మీకు నాలుగున్నరేళ్లు. దీన్ని మొదటే ఒప్పుకుని ప్లాన్ చేసుకున్నవాళ్లు పూర్తిచేస్తారు. ఒకేసారి అన్ని పేపర్లకూ ఫీజు కట్టి, సగం తప్పి, మళ్లీ మళ్లీ ఫీజు కట్టేవాళ్లు రెండో ఏట విసిగిపోతారు.

ఎండాకాలం మధ్యాహ్నపు విరామాన్ని వదలొద్దు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా, సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదు. అలసిన ఒంటికి ముందు నిద్ర కావాలి, అది నిజమే. అయినా ఫోన్‌లో దించుకున్న పాఠం ఇరవై నిమిషాలు వినడానికి ఆ సమయం పనికొస్తుంది.

క్లాసు, గడువు సమయాలు ఎలా లెక్కపెట్టుకోవాలి?

దుబాయి, మస్కట్ మనకంటే గంటన్నర వెనక. సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్ రెండున్నర గంటలు వెనక. పోర్టల్‌లో గడువు రాత్రి 11.59 అని ఉంటే అది ఇండియా టైమ్. దుబాయిలో అప్పుడు 10.29, రియాద్‌లో 9.29. రాత్రి డ్యూటీ నుంచి పదింటికి వచ్చి అప్‌లోడ్ చేద్దామనుకున్న రియాద్ మనిషికి పోర్టల్ మూసే కనిపిస్తుంది. గడువు ఒక రోజు ముందే ముగుస్తుందన్నట్టు రాసి పెట్టుకోండి.

వారాంతపు లైవ్ క్లాసులు మనదగ్గర శని, ఆదివారాల్లో పెడతారు. సౌదీలో ఆదివారం పనిరోజు, అక్కడ సెలవు శుక్రవారం. కాబట్టి రికార్డింగ్ ఇస్తారా, ఎన్నాళ్లు ఉంచుతారు, రికార్డు చూస్తే హాజరు పడుతుందా అన్న మూడు సంగతులూ చేరకముందే అడగాలి.

ఏబీసీ ఐడీ, డీఈబీ ఐడీ అంటున్నారు. ఏమిటివి?

ఏబీసీ ఐడీ మీ క్రెడిట్లు జమయ్యే 12 అంకెల ఖాతా. డిజిలాకర్‌లో ఆధార్‌తో తయారవుతుంది. డీఈబీ ఐడీ యూజీసీ దూరవిద్యా బ్యూరో ఇచ్చేది. 2024 నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరే భారతీయ విద్యార్థులకు తప్పనిసరి. వరుస ఇదీ: ఆధార్‌కు నడుస్తున్న మొబైల్ నంబరు ఉందో లేదో చూసుకోవాలి, డిజిలాకర్ తెరవాలి, ఏబీసీ ఐడీ తీసుకోవాలి, దాంతో యూజీసీ డీఈబీ పోర్టల్‌లో నమోదై డీఈబీ ఐడీ తీసుకోవాలి, ఆ తర్వాతే యూనివర్సిటీ దరఖాస్తు. ఏజెంటు మీకోసం తన ఫోన్ నంబరు, తన ఈ-మెయిల్ పెట్టి ఇవి తయారుచేస్తే తర్వాత మీ మార్కులు చూసుకోవడానికి కూడా అతన్నే అడుక్కోవాలి.

అన్నిటికంటే ఎక్కువగా దరఖాస్తులు ఆగేది పేరు దగ్గర. పది మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో చివర, ఆధార్‌లో పొడి అక్షరం. ఈ మూడూ మూడు తీర్లుగా ఉంటే డీఈబీ ఐడీ ఒక పేరుతో, డిగ్రీ ఇంకో పేరుతో తయారై, రేపు ఎంబసీలో అటెస్టేషన్ (సర్టిఫికెట్ నిజమేనన్న ధ్రువీకరణ) వెనక్కి వస్తుంది. పది మెమోలో ఉన్నదే మూలం. మిగతావి దానికి సరిపోయేలా మార్చుకోండి. ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ దిద్దించడానికి ఊరికి వచ్చినప్పుడు ఆధార్ కేంద్రానికి పోవడమే మేలు. సెలవు మొదటి వారంలోనే ఆ పని పెట్టుకుంటే తిరిగి పోయేలోపు సరైందో లేదో చూసుకోవచ్చు.

ఓటీపీ రావడం లేదు.

ఇండియా సిమ్‌ను రీచార్జి లేకుండా వదిలేస్తే, 90 రోజులు వాడకం లేని నంబరును కంపెనీ తీసేసి వేరొకరికి ఇచ్చే అవకాశం ఉంది. ఆ తర్వాత ఆధార్ ఓటీపీ ఎవరికో పోతుంది. బయల్దేరే ముందే ఇక్కడ రోమింగ్ ఆన్ చేయించి, చిన్న ప్లానైనా నడుస్తూ ఉండేలా చూడండి. ఇంట్లో తమ్ముడి దగ్గర సిమ్ వదిలిపోతే మీరు అడిగిన గంటకు ఓటీపీ చెప్తాడు, అప్పటికి దాని గడువు పది నిమిషాలూ అయిపోయి ఉంటాయి. రెండు సిమ్‌లు పట్టే ఫోన్‌లో మీ దగ్గరే ఉంచుకోండి.

ఫీజు ఎలా కట్టాలి?

పనికి విదేశం పోయినవాళ్లు ఊరి పాత సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (విదేశంలో ఉండేవాళ్ల ఖాతాగా) మార్చుకోవాలని నియమం. చాలామంది మార్చుకోరు. విదేశీ సంపాదన వేసుకునే ఎన్‌ఆర్‌ఈ లేదా ఈ ఎన్‌ఆర్‌ఓ ఖాతా ఉంటే యూఏఈ, సౌదీ, ఖతర్, ఒమన్ నంబర్లతోనే యూపీఐ నడపవచ్చు, మీ బ్యాంకు ఆ సౌకర్యం ఇచ్చి ఉండాలి. డబ్బు ఎప్పుడూ యూనివర్సిటీ సొంత పోర్టల్‌లోనే కట్టండి, రసీదు పీడీఎఫ్ దాచుకోండి. ఇంకో మాట: విదేశీ చిరునామా పెడితే కొన్నిచోట్ల విదేశీ విద్యార్థుల ఫీజు చూపిస్తుంది. మీరు భారతీయ పౌరులు, శాశ్వత చిరునామా మీ ఊరిదే. అదే రాయండి. విదేశీ పరీక్ష కేంద్రం కావాలంటే మాత్రం ఆ ఫీజు నియమాలు వేరు.

ఫోన్ చాలదా? క్యాంపు గదిలో పరీక్ష రాయగలమా?

పాఠాలకు ఫోన్ చాలు. కెమెరా నిఘా పరీక్షకు ల్యాప్‌టాప్ కావాలి, దానికి కెమెరా, మైకు పనిచేయాలి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ వాడొద్దు. పరీక్ష సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి అడ్మిన్ అనుమతి ఉండదు, ఎక్కినా కంపెనీ భద్రతా వ్యవస్థ దాన్ని ఆపేస్తుంది.

ఆరుగురు, ఎనిమిది మంది ఉండే గది ఈ పరీక్షకు పనికిరాదు. వెనక నుంచి ఎవరైనా నడిచినా రెండో ముఖం అని సాఫ్ట్‌వేర్ గుర్తు పెడుతుంది. పక్క మంచం మీద ఫోన్ మాట్లాడితే మాటల శబ్దం పట్టుకుంటుంది. తల వంచి రాసుకుంటుంటే చూపు తిప్పుతున్నారని రాస్తుంది. ఇలాంటివి కొన్ని కూడితే పరీక్ష మధ్యలోనే ఆగిపోవచ్చు, లేదా ఫలితం ఆపి వివరణ అడుగుతారు. ఒంటరిగా ఉండే స్నేహితుడి గది దొరికితే సరే, లేదంటే పరీక్షల రోజులకు చిన్న హోటల్ గది తీసుకోండి. నలుగురైదుగురు కలిసి చదువుతుంటే వేర్వేరు వేళల్లో అదే గదిని పంచుకుంటే ఖర్చు తగ్గుతుంది. ఒకే వేళకు ఒకే గదిలో మాత్రం వద్దు.

ముందురోజు విండోస్ అప్‌డేట్ పూర్తిచేసి పెట్టండి. మాక్ టెస్ట్ తప్పకుండా రాయండి, అదే గదిలో, అదే నెట్‌తో. క్యాంపు వైఫై రాత్రి ఎనిమిది తర్వాత అందరూ ఇళ్లకు వీడియో కాల్స్ చేసే వేళకు కుంటుపడుతుంది. పక్కన ఫోన్ డేటా హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. పాస్‌పోర్టు కూడా చేతిలో ఉండాలి. అది కంపెనీ దగ్గరుంటే, ఏ గుర్తింపు కార్డు ఒప్పుకుంటారో ముందే అడిగి తెలుసుకోండి.

వీపీఎన్ పెట్టుకుంటే నెట్ బాగుంటుందంటున్నారు?

వీపీఎన్ అంటే మీ ఐపీ అడ్రస్‌ను (నెట్‌లో మీ చిరునామాను) దాచి వేరే చోటిదిగా చూపే యాప్. పరీక్షకు వద్దు. ఐపీ అడ్రస్ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారగానే వేరేవాళ్లు రాస్తున్నారన్న అనుమానంతో పరీక్ష రద్దుకావచ్చు. యూఏఈలో 2021 సైబర్ నేరాల చట్టం ప్రకారం నేరం చేయడానికో, అది బయటపడకుండా ఉండటానికో ఐపీ అడ్రస్ దాచితే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా పడొచ్చు. అక్కడ వాట్సాప్ కాల్స్ నడవకపోయినా జూమ్, టీమ్స్ క్లాసులు నడుస్తాయి. క్లాసుల కోసం వీపీఎన్ అవసరమే లేదు.

పరీక్షలకు కంపెనీ సెలవు ఇస్తుందా?

సౌదీ కార్మిక చట్టంలో ఒక మంచి నియమం ఉంది: యజమాని ఒప్పుకున్నాక చదువులో చేరినవారికి, ఏడాది తప్పి మళ్లీ రాసేవాళ్లు కానప్పుడు, పరీక్ష రోజులకు జీతంతో సెలవు. పదిహేను రోజుల ముందు అర్జీ పెట్టాలి, పరీక్షలు రాసినట్టు రుజువు చూపాలి. కాబట్టి చేరే ముందే హెచ్‌ఆర్‌కు లిఖితంగా చెప్పి అంగీకారం తీసుకోండి. యూఏఈలో రెండేళ్లు నిండినవారికి పది పనిదినాల పరీక్ష సెలవు ఉంది కానీ, అది ఆ దేశం గుర్తించిన విద్యాసంస్థల్లో చదివేవారికే. మన యూనివర్సిటీ పరీక్షలకు వార్షిక సెలవే దారి.

'ఆన్‌లైన్ బీటెక్' ప్రకటన చూశాను. చేరవచ్చా?

వద్దు. ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, న్యాయశాస్త్రం, ఆర్కిటెక్చర్, వ్యవసాయ డిగ్రీలను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ యూజీసీ ఒప్పుకోదు. ఎలక్ట్రీషియన్లు, ఫోర్‌మన్లు పైకి ఎదగాలంటే సేఫ్టీ వైపు ఒక దారి ఉంది. బ్రిటన్ సంస్థ నెబాష్ ఇచ్చే ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్‌లో ఒక భాగం ఇంట్లోంచి పుస్తకాలు చూసి రాసే పరీక్ష. రెండో భాగం మీరు పనిచేసే చోటే ప్రమాదాలను అంచనా వేసి నివేదిక రాయడం. కాబట్టి వర్క్ పర్మిట్‌కు అడ్డు రాదు. ఇంగ్లిష్‌లో సొంతంగా రాయగలగాలి. అది రాకుండా ఫీజు కడితే డబ్బు పోతుంది.

ఏజెంటు ఒక్క ఏడాదిలో, పాత తేదీతో డిగ్రీ ఇప్పిస్తానన్నాడు.

అది దొంగ సర్టిఫికెట్. గల్ఫ్‌లో అటెస్టేషన్ చేసేటప్పుడు యూనివర్సిటీకే రాసి సరిచూస్తారు. అక్కడ దొరికితే కేసు, జైలు, దేశం నుంచి పంపించేయడం. అయిదు వందల దిర్హాముల ప్రమోషన్ కోసం ఉన్న ఉద్యోగం పోతుంది. నిజమైన యూనివర్సిటీ పేరు చెప్పి 'మా సెంటర్లో చేరండి' అనేవాళ్లతోనూ జాగ్రత్త: దూరవిద్యలో ఫ్రాంచైజీకి యూజీసీ అనుమతి లేదు. యూజీసీ డీఈబీ వెబ్‌సైట్‌లో మీరు చేరే విద్యా సంవత్సరం, మీరు చేరే కోర్సు, రెండూ జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. యూనివర్సిటీ పేరు ఉంది కదా అని ఆగొద్దు. పోయిన ఏడాది ఉన్న అనుమతి ఈ ఏడాది ఉండకపోవచ్చు.

డిగ్రీ వచ్చాక వీసాలో హోదా మారుతుందా?

దానంతట అది మారదు. యూఏఈలో నైపుణ్య కార్మికుడిగా లెక్కించాలంటే ఉద్యోగం మొదటి అయిదు నైపుణ్య స్థాయిల్లో ఉండాలి, అటెస్ట్ అయిన సర్టిఫికెట్ ఉండాలి, జీతం 4,000 దిర్హాములకు తగ్గకూడదు. హోదా మార్చాలన్న మనసు కంపెనీకి ఉండాలి. అటెస్టేషన్ వరుస: రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత విదేశాంగ శాఖ, తర్వాత ఆ దేశపు ఎంబసీ, చివరికి అక్కడి విదేశాంగ శాఖ. సౌదీ, ఒమన్, బహ్రెయిన్ అపోస్టిల్ (ఒక్క ముద్రతోనే పత్రాన్ని ఒప్పుకునే) ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి అక్కడికి విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్రతో సరిపోతుంది. ఒరిజినల్ పట్టా కావాలి, కాబట్టి అది ఊర్లో ఉంటే నమ్మకమైన మనిషికి అధికార పత్రం రాసివ్వండి. దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలను గల్ఫ్‌లో కొన్ని ఉద్యోగాలకు ఒప్పుకోరు. చేరకముందే మీ హెచ్‌ఆర్‌ను ఈ ఒక్క మాట అడిగి తెలుసుకోండి.

ఇండియాలో మాత్రం సంగతి వేరు. గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ చెప్పింది. తిరిగి వచ్చి గ్రూప్స్ రాయాలనుకునేవాళ్లకు ఇదే ఆధారం.

డబ్బు పెట్టకుండా ముందు చదివి చూడొచ్చా?

కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం. పరీక్షకు మాత్రం ఫీజు ఉంటుంది, ఇండియాలోని కేంద్రానికి రావాలి. రెండు నెలలు అందులో ఒక కోర్సు వరుసగా చదవగలిగితే డిగ్రీ ఫీజు కట్టండి.

అమెరికా, కెనడా, బ్రిటన్‌లో ఉన్నవాళ్ల సంగతి?

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఉద్యోగం మానకుండా పార్ట్‌టైమ్‌గా చదవొచ్చు. హెచ్-4 మీద ఉన్న భార్య లేదా భర్త కూడా చదువుకోవచ్చు. కెనడా బయటి సంస్థలో ఆన్‌లైన్‌గా చదవడానికి అక్కడ స్టడీ పర్మిట్ అక్కర్లేదు. బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసాలో చదువుకు అనుమతి ఉంది, కొన్ని సున్నితమైన పీజీ సబ్జెక్టులకు మాత్రం ముందుగా ఏటాస్ (బ్రిటన్ ప్రభుత్వ భద్రతా అనుమతి) క్లియరెన్స్ తీసుకోవాలి.

మధ్యలో ఉద్యోగం పోయి ఊరికి వచ్చేస్తే?

ఆన్‌లైన్ ప్రోగ్రాం అయితే ఏమీ మారదు, ఊర్లో కూర్చుని అదే లాగిన్‌తో కొనసాగించవచ్చు. ఇగ్నో, ఎన్‌ఐఓఎస్‌లలో విదేశీ కేంద్రం నుంచి ఇక్కడి కేంద్రానికి మార్పు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. పరీక్ష ఫారం నింపే తేదీకి ముందే పెట్టండి, లేదంటే హాల్ టికెట్ పాత కేంద్రం పేరుతోనే వస్తుంది.